శిబిరాల చెంత సంసారాలు
(రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికుల భార్యల దైనందిన జీవితం)

యుద్ధాల చరిత్రను మనమంతా బడిలో చదువుకున్నవాళ్ళమే. ఏ సంవత్సరంలో ఏ యుద్ధం జరిగింది, ఎవరు గెలిచారు, ఏ ఒడంబడిక కుదిరింది అన్నవి కంఠతా పట్టి పరీక్షలు వ్రాశాం. ఆ సైనికుడికి ఒక భార్య వుంటుందని, ఆమెకు ఒక అద్దె గది, ఒక రేషను పుస్తకం, నెల తిరిగేసరికి చెల్లించవలసిన బాకీలు వుంటాయని ఏ పాఠంలోనూ చదివిన జ్ఞాపకం లేదు. ఖజానా శాఖలో పింఛను కాగితాలతోనూ కుటుంబ పింఛను దరఖాస్తులతోనూ ఉద్యోగకాలమంతా గడిపినవాణ్ణి గనుక, చరిత్ర గ్రంథం ఏది చేతికి వచ్చినా ఈ విషయమే వెతుక్కోవడం నాకు అలవాటైంది. ఆ వెతుకులాటలో నన్ను బాగా ఆకట్టుకున్నది రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని సైనిక శిక్షణ శిబిరాల చెంత కాపురాలు పెట్టిన స్త్రీల కథ. బదిలీల మీద బదిలీలతో ఊళ్ళు తిరిగి, ఒంటిగది పోర్షన్లలో పిల్లలను పెంచుకువచ్చిన మన సంఘ సభ్యులకు, ముఖ్యంగా వారి శ్రీమతులకు, ఇందులో చాలా భాగం తమ సొంత కథలాగానే తోస్తుందని నా నమ్మకం.

రాత్రికి రాత్రి వెలసిన పట్టణాలు

1939లో ఐరోపాలో యుద్ధం మొదలయ్యేనాటికి అమెరికా సైన్యంలో సుమారు 1,90,000 మంది మాత్రమే వున్నారు. 1945 నాటికి ఆ సంఖ్య 80 లక్షలు దాటింది. 1940 సెప్టెంబరు 16న నిర్బంధ సైనిక సేవా చట్టం వచ్చింది. ఇన్ని లక్షలమందికి తుపాకి పట్టడం నేర్పాలంటే స్థలం కావాలి. అందువల్ల భూమి చవకగా దొరికే చోట, చలి తక్కువగా వుండే దక్షిణాది రాష్ట్రాలలో ఎక్కువగా, శిబిరాలు కట్టారు. చిన్న ఊళ్ళ పక్కన మహా పట్టణాలు నెలల వ్యవధిలో లేచి నిలిచాయి.

ఫ్లోరిడాలో స్టార్క్ అనే ఊరుంది. 1940లో అక్కడి జనాభా దాదాపు 1500. ఆ ఏడాది చివర దాని దగ్గర క్యాంప్ బ్లాండింగ్ నిర్మాణం మొదలుకాగానే వేలకు వేలు వడ్రంగులు, కూలీలు వచ్చిపడ్డారు. వారికే తల దాచుకునే చోటు లేక గుడారాల్లో, కార్లలో పడుకున్నారు. ఆ తర్వాత వచ్చిన సైనికులతో కలిపి లెక్కిస్తే ఆ శిబిరమే ఫ్లోరిడాలో నాలుగవ పెద్ద పట్టణమైందని చెబుతారు. మిస్సౌరీ రాష్ట్రంలో నియోషో అనే ఊరి జనాభా 5 వేల పైచిలుకు. దాని పక్కన కట్టిన క్యాంప్ క్రౌడర్‌లో తంతి, టెలిఫోను, రేడియో విభాగాలవారికి శిక్షణ ఇచ్చేవారు. అక్కడ వుండే సైనికుల సంఖ్య ఊరి జనాభాకు ఎన్నో రెట్లు. మిసిసిపీలోని హాటీస్‌బర్గ్ కాస్త పెద్ద ఊరే, 21 వేల జనాభా. దాని పక్కనున్న క్యాంప్ షెల్బీ ఆ ఊరిని పూర్తిగా మింగివేసేటంత పెరిగింది.

ఈ ఊళ్ళలో నీటిగొట్టాలు, మురుగు కాలువలు, బడులు, ఆసుపత్రి పడకలు అన్నీ పాత జనాభాకు సరిపడేవే. శిబిరం లోపలికి కావలసిన సమస్తం సైన్యం సమకూర్చుకుంది. శిబిరం గేటు బయట ఎవరు వచ్చి ఎలా వుంటారన్నది మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

రావద్దన్నా వచ్చినవారు

మొదట్లో భార్యాబిడ్డలు గలవారిని సైన్యంలోకి తీసుకోవడం వాయిదా వేశారు. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి జరిగి అమెరికా యుద్ధంలో దిగాక పరిస్థితి మారింది. ఒకవైపు పెళ్ళిళ్ళు ఊపందుకున్నాయి. సైన్యానికి వెళ్ళేలోపల మూడు ముళ్ళు పడాలన్న తొందర అన్ని దేశాల్లోనూ ఒకటే. మరోవైపు 1942 చివరికి పిల్లలు లేని వివాహితులను, 1943 అక్టోబరు నుండి పిల్లల తండ్రులను కూడ పిలవసాగారు.

శిక్షణ కొన్ని నెలలు. ఆ తర్వాత సముద్రాలు దాటి ఎక్కడికి పంపుతారో, తిరిగి వస్తాడో రాడో తెలియదు. కనుక ఆ కొద్ది నెలలైనా దగ్గరగా వుండాలని లక్షలాది భార్యలు పుట్టింటిని, ఉద్యోగాన్ని, ఒక్కొక్కసారి చంటిబిడ్డతో సహా మూటాముల్లె సర్దుకుని రైలెక్కారు. అధికారులు వద్దన్నారు. శిబిరాల దగ్గర ఇళ్ళు లేవని, రైళ్ళు సైన్యానికి అవసరమని, అత్యవసరమైతే తప్ప ప్రయాణం చేయవద్దని గోడపత్రికలు వేశారు. అయినా ఆ ప్రయాణం తమకు అత్యవసరమేనని ఆ స్త్రీలు నిర్ణయించుకున్నారు.

ఇక్కడ మన ఊళ్ళ సంగతి ఒక్కసారి తలచుకోవాలి. అదే యుద్ధంలో మన దేశం నుండి సుమారు 25 లక్షలమంది సైన్యంలో చేరారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరాన్ని నేటికీ మిలిటరీ మాధవరమనే పిలుస్తారంటే ఆ ఊరు పంపిన బిడ్డలు అంతమంది. మన పల్లెల్లో సామాన్య సైనికుడి భార్య సాధారణంగా అత్తవారింటనే వుండిపోయేది. మనియార్డరు ఆమెను వెతుక్కుంటూ వచ్చేది. అమెరికాలో భార్యే బయలుదేరింది. వేరు కాపురాలకు అలవాటుపడిన సమాజం కావడం అందుకు ఒక కారణం. దేశమంతటా రైలుమార్గం వుండడం మరొకటి.

ఆ రైలు ప్రయాణాలు సుఖమైనవేమీ కావు. పడక బోగీలు సైన్యానికి పోయేవి. మామూలు పెట్టెల్లో కూర్చునే చోటు దొరక్క నడవలో తమ పెట్టెల మీదనే కూర్చుని రెండేసి రోజులు ప్రయాణించినవారున్నారు. సైనికుల రైలుకు దారి ఇవ్వడానికి ప్రయాణికుల రైలును పక్క లైనులో గంటల తరబడి ఆపేవారు. పాలసీసా వేడిచేసుకునే వీలుండేది కాదు. దిగాక కూడా ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. స్టేషనులో ప్రయాణికుల సహాయ సంఘం వారి బల్ల ఒకటి వుండేది. 1941 ఫిబ్రవరిలో ఆరు స్వచ్ఛంద సంస్థలు కలిసి యు.ఎస్.ఓ. అనే సేవా సంస్థను ఏర్పాటు చేశాయి. ప్రయాణికుల సహాయ సంఘం ఆ ఆరింటిలో ఒకటి. అక్కడివాళ్ళు గదుల జాబితా చూసి చెప్పేవారు, బిడ్డ గుడ్డలు మార్చుకోవడానికి చోటు చూపేవారు, రాత్రి ఎక్కడా దొరక్కపోతే ఏదో ఒక బెంచీ అయినా ఏర్పాటు చేసేవారు.

అద్దె గది

శిబిరంలో అతిథి గృహం వుండేది గాని, అందులో కొద్ది రోజులు మాత్రమే వుండనిచ్చేవారు. ఆ గడువులోగా ఊళ్ళో గది వెతుక్కోవాలి. ప్రభుత్వం కట్టించిన తాత్కాలిక ఇళ్ళు ప్రధానంగా యుద్ధ కర్మాగారాల కార్మికుల కోసం. సామాన్య సిపాయి భార్యకు మిగిలింది ఇంటింటికీ తిరిగి తలుపు తట్టడమే.

ఊరివాళ్ళు ముందుగదులు, అటకగదులు, వరండాలకు తడికలు కట్టి చేసిన గదులు, కారు షెడ్లు అద్దెకిచ్చారు. కోళ్ళ గూళ్ళను శుభ్రం చేసి, సున్నం కొట్టి అద్దెకిచ్చిన సంగతులు కూడ ఆనాటి పత్రికల్లో వచ్చాయి. కొందరు ఇంటావిడలు సొంత బిడ్డల్లా చూసుకున్నారు. తమ కొడుకులూ ఎక్కడో ఏదో శిబిరంలో వున్నారు గనుక, వాళ్ళ భార్యలను ఎవరో ఇలాగే ఆదరిస్తారన్న ఆశతో గది ఇచ్చారు. కొందరు అదను చూసుకుని పిండుకున్నారు. 1942 జనవరిలో వచ్చిన ధరల అదుపు చట్టం కింద సైనిక, పారిశ్రామిక ప్రాంతాలలో అద్దెలకు కూడ పరిమితి పెట్టారు. దాంతో చాలాచోట్ల అద్దెలు అదుపులోకి వచ్చాయి. కాని చట్టం వున్నచోట సందులు కూడ వుంటాయని మనకు తెలుసు. గది అద్దె ఇంతేనని కాగితం మీద వ్రాసి, మంచానికి వేరుగా, కుర్చీకి వేరుగా వసూలు చేసినవారున్నారు. పిల్లలున్నవారికి గది ఇవ్వమన్న మాట అక్కడ కూడ మామూలే.

నియోషోలో ఇలా గడిపిన బార్బరా క్లా అనే యువతి తన అనుభవాలను యుద్ధం ముగియకముందే ఒక పుస్తకంగా ప్రచురించింది. వాషింగ్టన్ పోస్ట్ పత్రికాధిపతి భార్య ఆగ్నెస్ మేయర్ ఈ శిబిరాల ఊళ్ళను, కర్మాగారాల ఊళ్ళను స్వయంగా తిరిగి చూసి వరుస వ్యాసాలు వ్రాసింది. అవి 1944లో పుస్తకరూపంలో వచ్చాయి. ఇటువంటివారు వ్రాసిపెట్టబట్టే ఆ గదుల సంగతి నేడు మనకు తెలుస్తున్నది.

వంటింట్లో వంతు

గదితోపాటు వంటింటి వాడకం దొరికితే అది మహాభాగ్యం. ఫలానా వేళనుండి ఫలానా వేళవరకు ఇంటావిడ పొయ్యి వాడుకోవచ్చు, చల్లపెట్టెలో ఒక అర వాడుకోవచ్చు అన్నది ఒప్పందం. ఒకే ఇంట్లో నలుగురైదుగురు సైనికుల భార్యలుంటే పొయ్యి దగ్గర వంతులు పడేవి. స్నానాల గదికీ వంతులే, బట్టలు ఉతికే తొట్టికీ వంతులే. వంటింటి వాడకం లేనివారు గదిలో రహస్యంగా చిన్న కరెంటు పొయ్యి పెట్టుకుని కాఫీ కాచుకునేవారు. ఇంటావిడకు వాసన తగలకుండా కాచుకోవడం ఒక విద్య. మిగిలినవారు హోటళ్ళ ముందు వరుసలో నిలబడవలసిందే. సైనికులందరూ ఊళ్ళోకి వచ్చే శనివారం సాయంత్రం ఆ వరుసలు వీధి చివరిదాకా సాగేవి.

రేషను 1942లో మొదలైంది. మే నెలనుండి పంచదార, మనిషికి వారానికి సుమారు అర పౌను, అంటే మన లెక్కలో పావు కిలోకు కాస్త తక్కువ. నవంబరులో కాఫీ, అయిదు వారాలకు ఒక పౌను. కాఫీ ప్రాణంగా బ్రతికే ఆ జాతికి ఇది పెద్ద దెబ్బే. 1943 జూలైలో దాన్ని ఎత్తివేశారు. 1943లో బూట్లు, డబ్బా ఆహారాలు, మాంసం, వెన్న కూడ రేషనులోకి వచ్చాయి. మాంసానికి ఎర్ర పాయింట్లు, డబ్బాలకు నీలం పాయింట్లు. పెట్రోలుకు కార్డు, టైర్లకు అనుమతి పత్రం. పుట్టిన బిడ్డతో సహా మనిషికొక రేషను పుస్తకం. హోటలులో తింటే ఆ పుస్తకంతో పనిలేదు గాని డబ్బు ఎక్కువవుతుంది. ఇంట్లో వండుకుంటే డబ్బు మిగులుతుంది గాని పాయింట్లు చాలవు. ఈ రెంటి మధ్య నెల గడపడమే గృహిణి నేర్పు. ఒక ఇంట్లో వుండే నలుగురూ పాయింట్లు కలిపి ఆదివారంనాడు ఒక మంచి భోజనం వండేవారు. ఆ రోజు నలుగురి భర్తలూ వస్తే పండుగ. ఎవరి భర్తకైనా శిబిరంలో కాపలా పని పడితే ఆమె భాగం గిన్నెలో పెట్టి మూత పెట్టేవారు.

భర్తతో గడిపే కాలం ఎంతని లెక్కవేస్తే చాలా తక్కువ. శిక్షణ మొదటి వారాల్లో బయటికి వదలరు. ఆ తర్వాత కొన్ని సాయంత్రాలు, శనివారం మధ్యాహ్నం నుండి ఆదివారం రాత్రి వరకు. పగలంతా కవాతు, పరుగు, తుపాకి అభ్యాసంతో అలసిన మనిషి కిక్కిరిసిన బస్సులో ఊళ్ళోకి వచ్చి, అన్నం తిని, కుర్చీలోనే నిద్రపోయి, మళ్ళీ ఆఖరి బస్సుకు పరుగెత్తేవాడు. రెండు గంటల కోసం రోజంతా ఎదురుచూపు. ఆ రోజును నింపుకోవడానికే చాలామంది ఉద్యోగాలు వెతుక్కున్నారు. శిబిరంలోని దుకాణాల్లో, లాండ్రీలో, గుమాస్తాలుగా, ఊళ్ళో హోటళ్ళలో, బడుల్లో పని చేశారు. నేడో రేపో భర్త వెంట వెళ్ళిపోతారన్న కారణంగా ఎక్కువ జీతపు ఉద్యోగాలు వారికిచ్చేవారు కాదు.

మరో శిబిరానికి బదిలీ ఆజ్ఞ వస్తే సామాను సర్దడం గంట పని. ఇస్త్రీ పెట్టె, అలారం గడియారం, కాఫీ పాత్ర, కరెంటు పొయ్యి, నాలుగు జతల బట్టలు. ఒకే దళానికి చెందినవారి భార్యలు కలిసి బయలుదేరి, కొత్త ఊళ్ళో ముందు గది దొరికినవారి దగ్గర మిగిలినవారు దిగేవారు. ఆఫీసర్ల భార్యలకు, సిపాయిల భార్యలకు మధ్య అంతరం మాత్రం ఆ ఇరుకులోనూ పోలేదు.

యాభై డాలర్ల లెక్క

ఇక మన పింఛనుదారులకు ఆసక్తి కలిగించే విషయానికి వస్తాను. యుద్ధానికి ముందు కొత్తగా చేరిన సిపాయి జీతం నెలకు 21 డాలర్లు. 1942 జూనులో దాన్ని 50 డాలర్లు చేశారు. అదే నెల 23న సైనికుల ఆశ్రితుల భత్యం చట్టం వచ్చింది. దాని ప్రకారం సిపాయి జీతం నుండి 22 డాలర్లు కోసి, ప్రభుత్వం 28 డాలర్లు కలిపి, మొత్తం 50 డాలర్ల చెక్కు ప్రతి నెలా నేరుగా భార్య పేర పంపుతారు. ఒక బిడ్డ వుంటే 62 డాలర్లు, ఆపైన ప్రతి బిడ్డకు మరో 10. 1943 అక్టోబరులో ఈ రేట్లు సవరించి, భార్యకు ఒక బిడ్డతో 80 డాలర్లు, ఆపైన ప్రతి బిడ్డకు 20 డాలర్లు చేశారు.

ఇందులో రెండు విశేషాలున్నాయి. ఒకటి, దరఖాస్తు పెట్టుకునే హక్కు భార్యకు కూడ వుంది. భర్త ఇష్టపడకపోయినా కోత తప్పదు. రెండు, డబ్బు భర్త చేతిమీదుగా కాక నేరుగా ఆమె పేర వస్తుంది. తన పేర అచ్చయిన ప్రభుత్వ చెక్కు అందుకోవడం ఎందరో స్త్రీలకు అదే మొదటిసారి.

ఈ చెక్కులు పంపడానికి న్యూజెర్సీ రాష్ట్రంలోని నెవార్క్ పట్టణంలో ఒక భీమా కంపెనీ భవనాన్ని తీసుకుని పెద్ద కార్యాలయం తెరిచారు. వేలాది ఉద్యోగులు, వారిలో ఎక్కువమంది స్త్రీలు, వివాహ ధ్రువపత్రాలు, జనన ధ్రువపత్రాలు సరిచూసి లక్షలాది ఖాతాలు నడిపారు. కంప్యూటర్లు లేని కాలం. కార్డులు, రంధ్రాల యంత్రాలు, టైపురైటర్లు. ఆ పని ఎంతటిదో మన ఖజానా, అకౌంట్సు, తపాలా శాఖల మిత్రులకు నేను చెప్పనవసరం లేదు. మొదటి నెలల్లో చెక్కులు ఆలస్యమయ్యాయి. కొత్త ఊరికి మారిన ప్రతిసారీ చిరునామా మార్పు వ్రాసి పంపాలి. ఆ లేఖ చేరి, కార్డు మారి, చెక్కు కొత్త గుమ్మానికి వచ్చేసరికి ఆమె ఇంకో ఊళ్ళో వుండేది. అటువంటప్పుడు రెడ్‌క్రాసు వారో, 1942లో ఏర్పడిన సైనిక సహాయ నిధి వారో చేబదులిచ్చి ఆదుకునేవారు.

మన కార్యాలయాల్లో బల్ల మీద వుండే ఫైలు వెనుక ఒక పొయ్యి వెలగడమో వెలగకపోవడమో వుంటుందని పెద్దలు చెప్పేవారు. నెవార్క్ కార్యాలయం చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తుకు వస్తుంది.

పురుడు ఎక్కడ పోయాలి?

శిబిరాల చెంత పడుచు కాపురాలు వున్నప్పుడు కాన్పులు తప్పవు. పుట్టింట పురుడు పోసుకునే ఏర్పాటు చాలామందికి అందనంత దూరంలో వుండిపోయింది. చిన్న ఊళ్ళలో పడకలు లేవు, డాక్టర్లు సైన్యంలోకి వెళ్ళారు, ఫీజు కట్టే స్తోమతు లేదు. 1941లోనే వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫోర్ట్ లూయిస్‌లో ఈ చిక్కు వచ్చింది. సైనికుల భార్యల కాన్పులకు శిబిరపు ఆసుపత్రి చాలక, అక్కడి సైనికాధికారి రాష్ట్ర ఆరోగ్య శాఖ సాయం కోరాడు. ఆ శాఖ తనవద్దనున్న మాతాశిశు సంక్షేమ నిధులతో ఏర్పాటు చేసింది. ఆ సంగతి తెలిసి ఇతర రాష్ట్రాలూ అడిగాయి. నిధులు చాలకపోవడంతో 1943 మార్చిలో అమెరికా పార్లమెంటు అత్యవసర మాతాశిశు సంరక్షణ పథకానికి ప్రత్యేకంగా డబ్బు మంజూరు చేసింది.

పథకం చాలా సూటిగా వుండేది. సైన్యంలో కింది నాలుగు జీతశ్రేణులవారి భార్యలకు గర్భిణీ పరీక్షలు, కాన్పు, ఆసుపత్రి ఖర్చు, బిడ్డకు మొదటి సంవత్సరం వైద్యం ఉచితం. ఆదాయ ధ్రువపత్రం అక్కర్లేదు. దరఖాస్తులో భర్త సైనిక సంఖ్య వ్రాసి, డాక్టరు సంతకం చేస్తే చాలు. ప్రభుత్వం నిర్ణీత ఫీజు నేరుగా డాక్టరుకు చెల్లిస్తుంది. వైద్యుల సంఘాలు కొంత గొణిగినా పథకం సాగింది. మొత్తంమీద సుమారు 12 లక్షలమంది తల్లులు దీనివల్ల మేలు పొందారు. బాగా సాగిన కాలంలో ఆ దేశంలో పుట్టిన ప్రతి ఏడుగురు బిడ్డల్లో ఒకరు ఈ పథకం కింద పుట్టినవారే. ప్రభుత్వ ఖర్చుతో వైద్యమన్న మాటే గిట్టని ఆ దేశంలో ఇది చిన్న విషయం కాదు. ఏ మహానాయకుడి ఉపన్యాసం వల్లనో కాక, నెలలు నిండి శిబిరం గేటు దగ్గరకు వచ్చి నిలబడిన ఆడవాళ్ళ వల్ల ఇది జరిగింది.

అందరికీ ఒకే నీడ కాదు

ఈ కథలో చీకటి కోణాన్ని దాచడం న్యాయం కాదు. ఆనాటి అమెరికా సైన్యంలో నల్లజాతివారి దళాలు వేరు, తెల్లవారి దళాలు వేరు. ఉత్తరాది నగరం నుండి భర్తను చూడటానికి దక్షిణాదికి బయలుదేరిన నల్లజాతి భార్యను రైలులో వేరే పెట్టెలోకి మార్చేవారు. దిగాక హోటలులోకి రానిచ్చేవారు కాదు. ఊరి చివర తమవారి పేటలో గది దొరికితే దొరికినట్లు. హాటీస్‌బర్గ్‌లో నల్లజాతి సైనికుల కోసం ఆరవ వీధిలో 1942లో ప్రత్యేకంగా ఒక యు.ఎస్.ఓ. భవనం కట్టారు. ఆ భవనం ఈనాటికీ నిలిచివుంది. 2009 నుండి అందులో ఆఫ్రికన్ అమెరికన్ సైనిక చరిత్ర ప్రదర్శనశాల నడుస్తున్నది. వివక్ష కారణంగా పుట్టిన భవనం కుటుంబాలు కలుసుకునే చావడి అయింది.

అదే క్యాంప్ షెల్బీకి 1943లో మరొక దళం శిక్షణకు వచ్చింది. అది 442వ రెజిమెంటు. అందులో సిపాయిలంతా జపాను సంతతి అమెరికన్లు. వారిలో ఎందరి తల్లిదండ్రులనో, భార్యలనో, పిల్లలనో అదే ప్రభుత్వం అనుమానంతో ముళ్ళకంచెల నిర్బంధ శిబిరాలలో వుంచింది. అటువంటి శిబిరాలు రెండు, జెరోమ్, రోవర్ అనేవి, పక్కనే వున్న అర్కాన్సా రాష్ట్రంలో వుండేవి. సిపాయి సెలవు దొరికితే యూనిఫారం వేసుకుని వెళ్ళి, కాపలా బురుజుల మధ్యనుండి లోపలికి నడిచి, తనవారిని చూసుకోవాలి. హవాయి నుండి వచ్చిన సైనికులకు ఈ సంగతి మొదట తెలియనే తెలియదు. అర్కాన్సా శిబిరాన్ని చూసి వచ్చాక వారి మనసులు మారిపోయాయని, తర్వాతి కాలంలో సెనేటరైన డేనియల్ ఇనౌయే చెప్పారు. జెరోమ్ శిబిరంలోని మేరీ నాకహారా అనే యువతి తోటి యువతులను కూడగట్టి ఈ సైనికులకు ఉత్తరాలు వ్రాయించింది. తర్వాత హాటీస్‌బర్గ్ వచ్చి అక్కడ ఆ సైనికుల కోసం ఏర్పడిన యు.ఎస్.ఓ. కేంద్రంలో పనిచేసింది. ఈమే యూరి కొచియామా పేరుతో పౌరహక్కుల ఉద్యమకారిణిగా ప్రసిద్ధికెక్కింది. ముళ్ళకంచె లోపలున్న తల్లిదండ్రులకు, కొడుకు ఇటలీలోనో ఫ్రాన్సులోనో మరణించాడన్న వార్తను సైన్యం తెచ్చి అందించిన సందర్భాలున్నాయి. దీనిమీద వ్యాఖ్యానం అనవసరం.

ఆఖరి సాయంత్రం

దళాన్ని ఎప్పుడు ఓడ ఎక్కిస్తారన్నది రహస్యం. భర్తకు తెలిసినా చెప్పకూడదు. సాధారణంగా భార్యలకు తెలిసే తీరు ఒక్కటే. ఒక సాయంత్రం బస్సు వస్తుంది, అందులోనుండి ఎవరూ దిగరు. శిబిరానికి ఫోను చేస్తే లైను ఇవ్వరు. మర్నాడు గేటు దగ్గరకు వెళితే బారకాసులు ఖాళీ. అందుకే ఆ స్త్రీలు ప్రతి సాయంత్రం వీడ్కోలునూ ఆఖరిదన్నట్లే చెప్పుకునేవారు. ఆ ఇంట్లో వున్న నలుగురూ ఆ రాత్రి ఒక్క గదిలో చేరేవారు. మర్నాడు ఇంటావిడ సాయంతో పెట్టెలు కట్టుకుని పుట్టిళ్ళకు బయలుదేరేవారు. వారం తిరక్కుండానే ఆ గదుల్లోకి వేరే దళంవారి భార్యలు దిగేవారు.

అక్కడనుండి జీవితమంతా ఉత్తరాల మీదనే. 1942 నుండి సైనికులు తపాలా బిళ్ళ లేకుండా ఉత్తరం వ్రాసుకునే సౌకర్యం వచ్చింది. విదేశాలనుండి వచ్చే ఉత్తరాలను ఫిలిములో చిన్నదిగా తీసి, విమానంలో పంపి, ఇక్కడ మళ్ళీ కాగితం మీద అచ్చువేసి బట్వాడా చేసేవారు. కిటికీలో నీలి నక్షత్రం గుర్తున్న చిన్న జెండా వేలాడితే ఆ ఇంటివాడు సైన్యంలో వున్నట్లు. బంగారు రంగు నక్షత్రమైతే అతడు ఇక రాడు. అప్పుడు భార్యకు ఆరు నెలల జీతం ఏకమొత్తంగాను, భీమా సొమ్ము నెలవారీ వాయిదాలలోను ఇచ్చేవారు.

మిగిలినది ఏమిటి?

యుద్ధం 1945లో ముగిసింది. శిబిరాలు చాలావరకు మూతపడ్డాయి. క్యాంప్ క్రౌడర్ నేలలో కొంత భాగం మీద 1963లో ఒక కళాశాల వెలసింది. నియోషో పిల్లలు ఇప్పుడు అక్కడ చదువుకుంటున్నారు. మాతాశిశు పథకాన్ని అవసరం తీరిందంటూ యుద్ధానంతరం ఎత్తివేశారు. కాని ఒకసారి ఇచ్చి చూపిన దాన్ని మరిచిపోవడం ప్రజలకు సాధ్యం కాదు. 1950లో కొరియా యుద్ధం రాగానే ఆశ్రితుల భత్యం కోసం మళ్ళీ చట్టం చేయవలసివచ్చింది. 1956లో సైనిక కుటుంబాల వైద్య సంరక్షణ చట్టం వచ్చి, యుద్ధం వున్నా లేకపోయినా సైనికుడి భార్యాబిడ్డలకు వైద్యం హక్కుగా స్థిరపడింది. దయతో మొదలైనది, అత్యవసరమై, ఆపైన చట్టమైంది. ఆ మెట్లలో మొదటి మెట్టు కోళ్ళగూటి గదిలో కాపురం చేసిన పేరులేని ఇల్లాలిది.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1964 జనవరి 1 నుండి కుటుంబ పింఛను పథకం అమలులోకి వచ్చింది. అంతకుముందు ఉద్యోగి పోతే ఇల్లాలి పరిస్థితి ఎలా వుండేదో మన తరంలో కొందరం కళ్ళారా చూశాం. నేడు మన ఇళ్ళలో ఆ పింఛను మీద గౌరవంగా బ్రతుకుతున్న తల్లులు, సోదరీమణులు ఎందరో వున్నారు. ఏ హక్కూ దానంతట అది ఆకాశంనుండి ఊడిపడలేదు. ఎవరో ఎక్కడో కష్టపడ్డారు, కాగితం పట్టుకుని నిలబడ్డారు, అడిగారు.

కనుక సభ్యులకు నా మనవి ఒక్కటే. ఉద్యోగవిరమణ సభల్లో మన సర్వీసు వివరాలు చదువుతారు. ఏ సంవత్సరం ఏ ఊరు, ఏ హోదా అన్నీ అందులో వుంటాయి. ఆ ప్రతి ఊళ్ళోనూ ఇల్లు వెతికినది, బడి మార్చినది, రేషను కార్డు మార్చినది, పాలవాడిని కుదుర్చుకున్నది, పక్కింటివారితో చుట్టరికం కలుపుకున్నది ఎవరో ఆ కాగితంలో వుండదు. మీ శ్రీమతిని కూర్చోబెట్టి ఆ ఊళ్ళ సంగతులు అడిగి, మనవలచేత వ్రాయించి వుంచండి. బార్బరా క్లా వ్రాయకపోతే నియోషో గదుల సంగతి ఎవరికీ తెలిసేది కాదు. మన ఇళ్ళలోని చరిత్ర వ్రాయడానికి వేరే ఎవరో రారు.